ఆ గంట ఎవరికీ ఇచ్చేయకండి

ప్రశ్న: నమస్కారం అమ్మా. మాది గుణుపురం. పదకొండేళ్లుగా ఇక్కడొక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. డిగ్రీ వరకే చదివాను, ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) లేదు. జూలై నుంచి ఒక కాలేజీ వాళ్లు ఇద్దరు ఎమ్మెస్‌డబ్ల్యూ విద్యార్థుల్ని మా దగ్గరికి ఫీల్డ్ వర్క్‌కి పంపుతున్నారు. వారానికి రెండు రోజులు, శుక్ర, శనివారాలు. మా డైరెక్టర్ గారు "నువ్వే చూసుకో" అని నాకు అప్పగించేశారు. అబ్బాయిది టెక్కలి వైపు, అమ్మాయిది బరంపురం. అబ్బాయికి ఒడియా రాదు, అమ్మాయికి తెలుగు అంతంతమాత్రం, ఇక్కడి కొండల మీద ఉండే సవరల భాష ఇద్దరికీ ఒక్క ముక్క రాదు.

ఇళ్లకి వెళ్లొచ్చాక రాయాల్సిన రికార్డులు అమ్మాయి చక్కగా రాస్తుంది. కానీ అందులో రాసిన రెండిళ్లకి అసలు వెళ్లనే లేదని మా ఫీల్డ్ వర్కర్ చెప్పింది. అబ్బాయి మనసు పెట్టి పనిచేస్తాడు. అయితే ఒక ఇంట్లో అమ్మమ్మ దగ్గర ఉంటున్న పదహారేళ్ల పిల్ల "నాకు పెళ్లి చేసేస్తున్నారన్నా, ఎవరికీ చెప్పకు" అంటే "చెప్పను, ఒట్టు" అన్నాడట. వస్తూ వస్తూ అమ్మమ్మ చేతిలో ఐదొందలు పెట్టి వచ్చాడట. ఆఫీసుకొచ్చి నా ముందు ఏడ్చేశాడు. ఏం చెప్పాలో తెలియక టీ తాగించి పంపేశాను. డైరెక్టర్ గారేమో ఇద్దర్నీ డేటా ఎంట్రీకి కూర్చోబెట్టమంటున్నారు. డిసెంబరులో నేనే మార్కులు వేయాలట. నాకంటే పెద్ద చదువు చదువుతున్నవాళ్లని దిద్దే అర్హత నాకుందా?

— ఒక పాఠకురాలు, రాయగడ జిల్లా

సమాధానం:

అమ్మా,

ఆ పిల్ల సంగతి చదివాక, సమాధానం అచ్చయ్యేదాకా ఆగడానికి నాకు మనసొప్పలేదు. ఆ రోజే మీకు ఫోన్ చేశాను. మీరు వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పారు, సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) ఆఫీసుకి వెళ్లి కలిశారు. అధికారులు అంగన్‌వాడీ దీదీని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లి మాట్లాడారు. పెళ్లి ప్రస్తుతానికి ఆగింది. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా మీ ఉత్తరంలో కొన్ని వివరాలు మార్చి వేస్తున్నాం. ఆ పిల్ల విషయం అక్కడితో అయిపోలేదు, చివర్లో మళ్లీ వస్తాను.

ముందు మీ ప్రశ్న. అర్హత ఉందమ్మా. మొహమాటానికి అనడం లేదు. మన దేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ పేరుతో మొదలైంది. ఇప్పుడు అందరూ టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అంటున్నది దాన్నే. దాని మొదటి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అంతకు కొన్నేళ్ల ముందునుంచే నాగ్‌పాడాలో, కూలీ జనం ఉండే పేటలో, ఒక సేవాకేంద్రం నడిపేవాడు. అలాంటి పేటల్లో పనిచేయడానికి తర్ఫీదు అయినవాళ్లు కావాలన్న అవసరంలోంచే ఆ స్కూలు పుట్టింది. ముందు పేట, తర్వాత తరగతి గది. ఈ చదువులో ఫీల్డ్ వర్క్‌కి అంత పెద్ద పీట వేయడం అందుకే. పుస్తకంలో ఉన్నది కాలేజీ చెబుతుంది. ఏ ఇంటికి ఏ వేళకి వెళ్తే తలుపు తీసి ఉంటుందో, ఏ మాట అంటే ఆ ఇల్లాలు ముఖం తిప్పుకుంటుందో అది మీకు తెలుసు. పదకొండేళ్ల నుంచి తెలుసు. ఆ పిల్లలు నేర్చుకోవడానికి వచ్చింది దాన్నే. ఏజెన్సీ సూపర్‌వైజర్‌కి, అంటే సంస్థ తరఫున విద్యార్థుల్ని చూసుకునే మీలాంటివాళ్లకి, ఫలానా డిగ్రీ ఉండాలని ఆ కాలేజీకి నియమం ఏదైనా ఉందేమో మాత్రం ఒకసారి కనుక్కోండి. ఉంటే మార్కుల కాగితం మీద వాళ్ల ఫ్యాకల్టీ సూపర్‌వైజర్ కూడా సంతకం పెడతారు. అదేం పెద్ద సమస్య కాదు.

సూపర్‌విజన్ అంటే మూడు పనులని ఆల్ఫ్రెడ్ కదూషిన్ అనే అమెరికా ప్రొఫెసర్ 1970లలోనే చెప్పాడు. పని సరిగా జరుగుతోందా అని చూసుకోవడం ఒకటి, నేర్పడం ఒకటి, పనిచేసే మనిషి కుంగిపోకుండా ఆసరాగా ఉండటం ఒకటి. మన సంస్థల్లో మొదటిది చేస్తాం. హాజరు పట్టీలో సంతకం పెట్టించుకుంటాం, రిపోర్టు అడుగుతాం. మిగతా రెండింటికీ టైము దొరకదు. దొరకదు కాదు, మనం ఉంచుకోం.

నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. పాతికేళ్ల పైమాట. అప్పుడు నేను కాశీనగర్ దగ్గర ఒక సంస్థలో ఉండేదాన్ని. ఒక విద్యార్థి వచ్చాడు, నెమ్మదస్తుడు, రాత ముత్యాల్లా ఉండేది. అతనికి ఒక వితంతువు కేసు అప్పగించాను. పింఛను దరఖాస్తు పెట్టించాలి, నెలకి రెండుసార్లు వెళ్లి చూడాలి. రికార్డు ప్రతివారం నా బల్ల మీద పెట్టేవాడు. నేను చదవలేదు. తీరిక లేదనుకున్నాను. చివర్లో కాలేజీకి పంపాల్సిన రోజు రాత్రి లాంతరు ముందు కూర్చుని నలభై పేజీల మీద వరసగా సంతకాలు పెట్టేశాను. ఫిబ్రవరిలో కాశీనగర్ సంతలో ఆవిడ చెల్లెలు కనబడింది. అక్క దసరా వెళ్లగానే ఇటుక బట్టీకి పోయిందని చెప్పింది. రికార్డు తీసి చూస్తే, దసరా తర్వాత కూడా ఆ విద్యార్థి ఆవిడ ఇంటికి ఆరుసార్లు వెళ్లినట్టు ఉంది. "ఆమెలో ఆత్మవిశ్వాసం పెరిగింది" అని కూడా ఉంది. పింఛను దరఖాస్తు మా ఆఫీసు సొరుగులోనే ఉంది, ఆవిడ వేలిముద్రతో సహా. అది వేళకి వెళ్లి ఉంటే ఆవిడ బట్టీకి వెళ్లే అవసరం ఉండేదా, లేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆ అబ్బాయి మీద కోపం వచ్చింది. కానీ ఆరు నెలల్లో నేను అతనితో ఒక్క గంట కూర్చోలేదు. అతను అబద్ధం రాస్తే పట్టుకునేవాళ్లు లేరు, నిజం రాస్తే చదివేవాళ్లు కూడా లేరు.

అందుకే మీకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. వారానికి ఒక గంట. ఇద్దరు కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా ఒక గంట. కాలేజీ వాళ్ల భాషలో దాన్ని ఐసీ అంటారు, ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్. శనివారం మధ్యాహ్నం, వాళ్లు ఇంటిదారి పట్టేముందు పెట్టుకోండి. ఆ గంటలో మీ ఫోన్ వేరే గదిలో ఉండాలి. డైరెక్టర్ గారు పిలిచినా, బ్లాక్ ఆఫీసు నుంచి ఎవరో వచ్చినా, "గంటలో వస్తాను" అని చెప్పండి. మొదట్లో విసుక్కుంటారు, మూడో వారానికి అలవాటు పడతారు. తలుపు దగ్గరగా వేసుకోండి కానీ మొత్తం మూయకండి. మిగతా స్టాఫ్ ముందు మాత్రం వద్దు. తన తప్పు పదిమంది వినేచోట ఏ పిల్లా బయటపెట్టదు. నెలకోసారి ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టండి. ఒకరి కేసు ఒకరు వింటే వాళ్లే ఒకరికొకరు నేర్పుకుంటారు.

రికార్డు శుక్రవారం రాత్రికే మీ చేతికి రావాలి. మీరు ముందే చదివి ఉండాలి. ఏం చూడాలో ఒక ఉదాహరణతో చెబుతాను, ఎందుకంటే ఇక్కడే అసలు పనంతా ఉంది.

ఆ తర్వాత కాలంలో నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి రికార్డులో ఇలా రాసింది: "గృహ సందర్శన చేసి, పోషకాహారంపై తల్లికి అవగాహన కల్పించాను." వాక్యం అయిపోయింది. మన రంగంలో ఈ "అవగాహన కల్పించాను" అన్న మాట కింద ఎన్ని ఇళ్లు, ఎంతమంది మనుషులు కప్పబడిపోయారో చెప్పలేను. మీ విద్యార్థులు ఆ మాట వాడితే కొట్టేయండి. "కౌన్సెలింగ్ ఇచ్చాను" అన్నదాన్ని కూడా. నేను ఆ అమ్మాయిని అడగడం మొదలుపెట్టాను.

"నువ్వు వెళ్లేసరికి ఆవిడ ఏం చేస్తోంది?"

"అడ్డాకులు కుడుతోంది మేడమ్."

"నువ్వెక్కడున్నావు?"

"గుమ్మం దగ్గర నిలబడ్డాను."

"ముందు ఎవరు మాట్లాడారు?"

"నేనే. ఆకుకూరలు, గుడ్డు, పప్పు రోజూ పెట్టాలని చెప్పాను."

"ఆవిడ ఏమంది?"

"ఏమీ అనలేదు. హూఁ అంది."

"తల ఎత్తి చూసిందా?"

అప్పుడు ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. "లేదు మేడమ్, పుల్ల గుచ్చుతూనే ఉంది" అంది. ఇంకొంచెం ఆగి, "పక్కన రెండు కట్టలు ఉన్నాయి. సాయంత్రం లోపల షావుకారు మనిషి వస్తాడేమో, తొందరలో ఉన్నట్టుంది" అంది. చూశారా, ఆ పిల్ల అన్నీ చూసింది. చూసినవి రాయొచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. రాయాల్సింది వేరే ఏదో ఉంటుందనుకుంది. తర్వాతి వారం వెళ్లి గుమ్మం దిగువన కూర్చుని ఆకులు సర్ది ఇచ్చింది. కుట్టడం రాలేదు, ఆవిడ నవ్వింది, చేయి పట్టుకుని నేర్పింది. గుడ్డు సంగతి ఆ రోజు రాలేదు. ఇంట్లో ఎవరు ముందు తింటారు, ఎవరు చివర తింటారు అన్నది మాత్రం ఆవిడే చెప్పింది. ఆ వారం రికార్డు మూడు పేజీలు వచ్చింది.

కాబట్టి మీ విద్యార్థుల చేత పేజీని మూడు గడులుగా గీయించండి. ఒకదానిలో వాళ్లు అన్నది, ఒకదానిలో నేను అన్నది, మూడోదానిలో అప్పుడు నాకు ఎలా అనిపించింది. కాలేజీలో దీన్ని ప్రాసెస్ రికార్డింగ్ అంటారు, మీ పిల్లలకి పేరు తెలిసే ఉంటుంది. అన్ని ఇళ్లకీ అక్కర్లేదు, వారానికి ఒక్క ఇల్లు చాలు. తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా సరే. కాలేజీకి ఇంగ్లీషులో ఇవ్వాల్సింది తర్వాత ఇచ్చుకుంటారు. ఇంగ్లీషులో ఆలోచిస్తూ రాస్తే మనుషులు పోయి "క్లయింట్లు" మిగులుతారు.

మీ బరంపురం అమ్మాయి గురించి ఇప్పుడు చెబుతాను. "నువ్వు వెళ్లలేదట కదా" అని మొదలుపెట్టకండి. ఫీల్డ్ వర్కర్ పేరు అసలు ఎత్తకండి, లేకపోతే వాళ్లిద్దరి మధ్య మాట పోతుంది. రికార్డు ముందు పెట్టి, పైన చెప్పినట్టు అడగండి. ఇల్లు ఎటువైపు ఉంది, ఎవరున్నారు, కూర్చోమన్నారా. నాలుగో ప్రశ్నకి తనే చెప్పేస్తుంది. అప్పుడు అరవకండి, వదిలేయకండి కూడా. ఎందుకు వెళ్లలేదో కనుక్కోండి. నా అనుభవంలో బద్ధకం తక్కువ, భయం ఎక్కువ. కుక్కలున్నాయని ఉండొచ్చు. ఒంటరిగా కొండ దారిలో వెళ్లడానికి ఇబ్బందిగా ఉండి ఉండొచ్చు. భాష రాక, గుమ్మంలో నిలబడి తెల్లబోవడం ఇష్టం లేక ఉండొచ్చు. ఆ కారణం తీర్చడం మీ పని. కానీ ఒక్క మాట మాత్రం సూటిగా చెప్పండి: "ఇంటికెళ్లలేదు అని రాస్తే నేనేమీ అనను. వెళ్లకుండా వెళ్లానని రాస్తే, ఆ ఇంట్లో ఏదైనా జరిగినప్పుడు అంతా బాగుందనుకుని నేను ఊరుకుంటాను." నా పింఛను దరఖాస్తు కథ చెప్పండి కావాలంటే. ఆ రెండు పేజీలు తన చేతే కొట్టించి, పక్కన తారీఖు వేయించి, కొత్తగా రాయించండి. చింపించకండి.

భాష సంగతి మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాశారు. నాకు అది చాలా పెద్ద విషయం అనిపిస్తోంది. మీ టెక్కలి అబ్బాయికి గుణుపురం బజార్లో హాయిగా ఉంటుంది, సగం మంది తెలుగే మాట్లాడతారు. కానీ సవర ఊళ్లున్న పుట్టాసింగి వైపు కొండ ఎక్కితే అక్కడివాళ్లకి తెలుగు చాలావరకు సంత మాట. తూకం దగ్గర, అప్పు దగ్గర విన్న మాట. మన అబ్బాయి ప్రేమగానే మాట్లాడినా, వాళ్లకి అది షావుకారు గొంతులా వినబడొచ్చు. ఇది అతనికి ఎవరైనా చెప్పాలి. తప్పుపట్టినట్టు కాదు, తెలిసుండాలి కాబట్టి. దుబాసీగా ఎవరు వస్తున్నారో కూడా చూసుకోండి. ఆ ఇంటి పిల్లాణ్ణి ఎప్పుడూ వాడకండి. తల్లి బాధలు కొడుకు నోటితో చెప్పించకూడదు. భర్త ఉన్నప్పుడు భార్య చెప్పేది వేరు. మీ ఫీల్డ్ వర్కర్ వెళ్తే, మాట తనకి అప్పజెప్పేసి పక్కకి నిలబడకుండా, ఆ ఇల్లాలి ముఖం చూస్తూ మాట్లాడమని విద్యార్థికి నేర్పండి.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పిల్లలకి వాచకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మీ పిల్లల్ని అంత చేయమని ఎవరూ అనరు. డిసెంబరు లోపల ఇరవై మాటలు చాలు. అన్నం తిన్నారా, ఒంట్లో ఎలా ఉంది, వెళ్లొస్తాను. మీ ఫీల్డ్ వర్కర్‌నే గురువుగా పెట్టండి. చదువుకున్న పిల్లలు తన దగ్గర నేర్చుకుంటుంటే ఆమెకి ఆ ఆఫీసులో ఉన్న స్థానం కూడా మారుతుంది.

ఆ గిడుగు వారికే కొండల్లో తిరిగినప్పుడు మలేరియా వచ్చి, క్వినైన్ వాడటం వల్ల వినికిడి పోయింది. మన జిల్లాల్లో ఇది పాత కథ కాదు. వానాకాలంలో పిల్లల్ని ఊళ్లోకి పంపేటప్పుడు నిండు చేతుల చొక్కా, రాత్రి ఉంటే దోమతెర తప్పనిసరి. తిరిగి వెళ్లాక పది, పదిహేను రోజుల్లో జ్వరం వస్తే ఆ రోజే రక్త పరీక్ష చేయించుకోవాలి, కొండకి వెళ్లానని డాక్టరుకి చెప్పాలి. టెక్కలిలో మామూలు జ్వరమనుకుని మాత్ర వేసేస్తే ప్రమాదం. చీకటి పడకముందే రోడ్డు మీదికి వచ్చేయాలి, ఎవరి బండి పడితే వాళ్ల బండి ఎక్కకూడదు. ఇంకొకటి, ఆ అమ్మాయికి మొదటి రోజే చెప్పాల్సింది ఇప్పుడైనా చెప్పండి. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ట్రైనీలకి కూడా వర్తిస్తుంది. పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి. మీది చిన్న ఆఫీసైతే జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది. ఫిర్యాదు చేయాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో పేరుతో సహా రాసి ఇవ్వండి.

డేటా ఎంట్రీకి వస్తాను. డైరెక్టర్ గారిని నేను మరీ తప్పు పట్టను. మనుషులు తక్కువ, ఫండింగ్ వాళ్ల రిపోర్టులు ఎక్కువ, ఎదురుగా కంప్యూటర్ వచ్చిన ఇద్దరు పిల్లలు. కానీ వాళ్ల ఫీల్డ్ వర్క్ అంటే వారానికి రెండు రోజులే. అందులో ఒకటి మీ ఎక్సెల్ షీట్ మింగేస్తే ఇంకేం మిగులుతుంది? కాలేజీ పంపిన ఉత్తరం, ఫీల్డ్ వర్క్ మాన్యువల్ తీసి, వాళ్లు ఏం నేర్చుకోవాలని రాశారో ఆయనకి చూపించండి. గొడవ పెట్టుకోకుండా ఒక దారి చెప్పండి: రెండు వారాలకి ఒక పూట రిజిస్టర్ పని చేస్తారు. అయితే ఎక్కించిన పేర్లలో ఐదిళ్లు వాళ్లు వెళ్లి చూసి రావాలి. అప్పుడు రిజిస్టర్లో "గర్భిణి, 7వ నెల" అన్న గడి వెనక ఒక మనిషి కనబడుతుంది. మీ రిజిస్టర్లో తప్పులు కూడా బయటపడతాయి, అది డైరెక్టర్ గారికీ లాభమే.

ఇక ఐదొందలు. ఆ అబ్బాయి మంచివాడమ్మా. దయ తప్పని నేను ఎప్పటికీ అనను. కానీ ఆ డబ్బు వల్ల ఏం జరిగిందో అతనితో కలిసి ఆలోచించండి. పక్కింటివాళ్లకి తెలిసే ఉంటుంది. వచ్చేవారం వాళ్లు అడిగితే ఏం చేస్తాడు? ఆ అమ్మమ్మ ఇకముందు అతనికి నిజం చెబుతుందా, లేక ఇంకో ఐదొందలు వచ్చే మాట చెబుతుందా? అతను మార్చిలో వెళ్లిపోయాక ఎవరిస్తారు? అన్నిటికంటే ముందు, ఆ ఇంటికి రేషన్ కార్డు ఉందా, అమ్మమ్మకి వృద్ధాప్య పింఛను వస్తోందా, అమ్మానాన్నలు పనికెళ్లిన చోటి నుంచి డబ్బు పంపుతున్నారా? ఇవేవీ అతను అడగలేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. జేబులోంచి తీసి ఇచ్చేస్తే ఆ అడగడం ఆగిపోతుంది. డబ్బు వెనక్కి అడగొద్దు. ఈసారి వెళ్లినప్పుడు ఆ కాగితాలన్నీ వరసగా చూడమనండి. ఇకమీదట సొంత డబ్బు ఇవ్వాలనిపిస్తే ముందు మీకు ఫోన్ చేయాలి, అంతే.

అతను ఏడ్చినప్పుడు టీ తాగించడం తప్పు కాదు, మంచి పని చేశారు. అక్కడితో ఆగడమే లోటు. తర్వాతి శనివారం "ఆ రోజు అంత బాధేసింది కదా, ఏ మాట దగ్గర?" అని అడిగి ఊరుకోండి. వాళ్లింట్లో ఏదైనా ఉండొచ్చు, అక్కకో చెల్లికో ఇలాగే జరిగి ఉండొచ్చు. చెబితే వినండి. కానీ మీరు అతని కౌన్సెలర్ కారు. ఆ బాధ ఆ ఇంట్లో అతను చేసే పనిని ఎలా తాకింది అన్నంతవరకే మీ హద్దు. అంతకంటే లోతుగా ఉంటే, ముందు అతనికి చెప్పి, ఆ తర్వాత కాలేజీలో వాళ్ల ఫ్యాకల్టీకి చెప్పండి. నిద్ర పట్టడం లేదన్నా, తిండి మానేసినా ఆలస్యం చేయకండి.

మార్కుల గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. అక్టోబరులోనే ఇద్దరికీ విడివిడిగా, ఏం బాగుంది, ఏం మారాలి అని ఒక పేజీ రాసి ఇవ్వండి. వాళ్ల సంతకం తీసుకుని నకలు కాలేజీకి పంపండి. మార్కుల ఫారం ఇప్పుడే తెప్పించుకుని వాళ్లకి చూపించండి. డిసెంబరులో ఎవరికీ ఆశ్చర్యం ఉండకూడదు. కాలేజీ మేడమ్ రాలేకపోతే నెలకోసారి మీరే ఫోన్ చేయండి. ఆ అమ్మాయి నిజం రాయడం మొదలుపెడితే పాత రెండు పేజీల కోసం మార్కులు కోసేయకండి. మొదలుపెట్టకపోతే మాత్రం ఎవరు బతిమాలినా ఉన్నది ఉన్నట్టు రాయండి. రేపు ఆమె ఏ బాలల హోమ్‌లోనో ఉద్యోగంలో చేరి ఇలాగే రికార్డులు రాస్తుంది, అక్కడి పిల్లలకి వేరే సాక్షులు ఉండరు.

ఇప్పుడు ఆ పిల్ల దగ్గరికి వస్తాను. మొన్న ఫోన్‌లో మీరన్నారు, పెళ్లి ఆగింది కానీ ఆ పిల్ల ఆ అబ్బాయితో మాట్లాడటం మానేసింది, అతను ఆ ఊరు వెళ్లనంటున్నాడు, వేరే ఊరు ఇమ్మంటున్నాడు అని. ఇవ్వకండి.

అతను చేసిన పొరపాటు చెప్పేయడం కాదు. చెప్పాల్సిందే. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని ఆడపిల్లకి పెళ్లి చేయడం నేరం. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందనో, జరగబోతోందనో తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద ఎవరైనా సరే చెప్పి తీరాలి, విద్యార్థి అయినా సరే. అతని పొరపాటు ఒట్టు వేయడం. ఈ తేడా అతనికి స్పష్టంగా తెలియాలి. లేకపోతే "నమ్మినవాళ్లని మోసం చేశాను" అన్నదొక్కటే మనసులో ఉండిపోతుంది. ఆ తప్పులో మన వాటా కూడా ఉందని అతనితో అనండి. మొదటి రోజే మనం చెప్పాల్సింది: "నీ మాట నా దగ్గర భద్రంగా ఉంటుంది. కానీ నీకు ప్రమాదం ఉందని తెలిస్తే మా ఆఫీసు దీదీకి చెబుతాను. చెప్పేముందు నీకు చెబుతాను." ఈ వాక్యాలు ఇద్దరి చేతా పైకి అనిపించండి, తెలుగులో, ఒడియాలో. నోరు తిరిగేదాకా.

ఈ శుక్రవారం మీరూ అతనితో వెళ్లండి. ఆఫీసు బండి మీద వద్దు, నడిచి వెళ్లండి. పక్కవాళ్లకి మళ్లీ అధికారులొచ్చారనిపించకూడదు. అమ్మమ్మ దగ్గర మీరు కూర్చోండి, కాగితాల సంగతి మాట్లాడుతూ ఉండండి. వాకిట్లో, మీకు కనబడేంత దూరంలో, అతన్ని ఆ పిల్లతో మాట్లాడనివ్వండి. "చెప్పనని ఒట్టేశాను, చెప్పాను. నీకు ముందు చెప్పకుండా చెప్పాను. అది తప్పు. చెప్పడం తప్పు కాదు." ఇంతే అనాలి. క్షమించమని బతిమాలకూడదు, ఎందుకు చేశాడో పెద్దగా వివరించకూడదు. ఆ పిల్ల తిట్టొచ్చు, లేచి లోపలికి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. మళ్లీ బడికి వెళ్లాలనుందా అన్న ప్రశ్న ఆ రోజు వద్దు, ఆ పిల్ల మాట్లాడిన రోజున అడగొచ్చు. వచ్చే శుక్రవారం కూడా వస్తానని, మార్చి దాకా ఉంటానని, తర్వాత ఆఫీసు దీదీ వస్తుందని చెప్పి లేవమనండి. చెప్పాక ఆ శుక్రవారం తప్పకుండా వెళ్లాలి, వాన పడినా సరే.

శనివారం ఆ గంటలో అతని రికార్డులో మూడో గడి ముందు చదవండి. ఏం రాశాడో నాకు కూడా రాయండి.